సిగ్రిడ్ వాళ్ళమ్మ

మొన్న మా పేట గంగాలిన్‌లో కాఫీ కోసం నిలబడి ఉంటే, కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి కప్పు పైకెత్తి "సిగ్రిడ్!" అని కేకేసింది. నేను గిరుక్కున తిరిగాను. మొక్కజొన్న పీచులాంటి జుట్టున్న ఒక పిల్ల వచ్చి కప్పు అందుకుని ట్రామ్ వైపు వెళ్ళిపోయింది. ఎవరూ ఆమెను రెండోసారి చూడలేదు. ఆ పేరుకి ఆ మొహం సరిపోయింది కాబట్టి ఎవరికీ ఏ సందేహమూ రాలేదు. నాకు మాత్రం ఎందుకో ఒళ్ళు మండింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. అంత సులువుగా ఆ పేరు మోయగలిగేవాళ్ళు కూడా ఉంటారని నాకు అప్పటిదాకా తోచలేదు, అంతే.

నాకు తెలిసిన సిగ్రిడ్ చామనఛాయ పిల్ల. ఆ పేరు పెట్టినావిడ నరసాపురం దగ్గర నుంచి వచ్చిన తెలుగు మనిషి. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

పక్క పేట హారిసన్‌లో మా తెలుగువాళ్ళందరికీ ఆవిడ "సిగ్రిడ్ వాళ్ళమ్మ". నాకు ఆంటీ. ఆవిడ సొంత పేరు నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. దాని గురించి ఆవిడ ఎప్పుడూ పట్టించుకోలేదు. ఎవరైనా తప్పుగా పలికినా, తప్పుగా రాసినా ఊరుకునేది. కూతురి పేరు దగ్గర మాత్రం ఒక్క అక్షరం కూడా వదిలేది కాదు.

నేను వరంగల్ నుంచి వచ్చిన కొత్తలో బస్సులు, ట్రామ్ తప్ప ఏమీ ఎరగను. ఇండియాలో స్కూటీ కూడా నడపలేదు. ఉద్యోగం వచ్చాక ఆఫీసు ఊరికి ఆ చివరన పడింది. డ్రైవింగ్ నేర్చుకోక తప్పలేదు. ఇండియన్ షాపులో అతికించిన కాగితం మీద "సిగ్రిడ్ డ్రైవింగ్ స్కూల్" అని, కింద "ఆడవాళ్ళకి" అని ఉంది. తెల్లావిడ అయి ఉంటుంది అనుకుని, ఫోన్‌లో మాట్లాడే ధైర్యం లేక, పేరు, ఊరు, అడ్రసు రాసి మెసేజ్ పెట్టాను. ముందు రోజంతా అద్దం ముందు నిలబడి ఇంగ్లీషు మాటలు సరిచూసుకున్నాను. మర్నాడు ఇంటి ముందు చిన్న ఎర్ర కారు ఆగింది. అందులోంచి నూలు చీర కట్టుకుని, తెల్ల బూట్లు వేసుకుని, నెత్తిన ఎండ టోపీ పెట్టుకున్న ఆవిడ దిగి, "ఏమ్మా, వరంగల్ అమ్మాయివి నువ్వేనా? రా, కూర్చో. ఆ కుడి పక్క. ఎడమ సీటు నాది," అంది.

"సిగ్రిడ్ మేడమ్ రాలేదా?" అన్నాను.

"సిగ్రిడ్ స్కూల్లో ఉంది. నేను వాళ్ళమ్మని."

ఫోన్ చేసే వాళ్ళందరికీ ఇదే జవాబు. కారులో పాఠం మధ్యలో ఫోన్ మోగితే స్పీకర్‌లో పెట్టి మాట్లాడేది. "సిగ్రిడ్ గారేనా?" అని అవతలి గొంతు ఇంగ్లీషులో ఉత్సాహంగా అడిగేది. "సిగ్రిడ్ మా అమ్మాయి. నేను వాళ్ళమ్మని. నేర్పేది నేనే," అనేది ఆవిడ. కొంతమంది అక్కడే నీళ్ళు నమిలి ఫోన్ పెట్టేసేవాళ్ళు. ఒకసారి ఒక తెలుగాయన తన భార్య కోసం చేసి, "ఓ, మీరు మనవాళ్ళా... మేం లోకల్ ఇన్‌స్ట్రక్టర్ కోసం చూస్తున్నాం లెండి," అన్నాడు. ఆవిడ ఏమాత్రం తొణక్కుండా, "నేను ఇక్కడికి వచ్చేనాటికి మీరు ఇంకా కాలేజీలో ఉండి ఉంటారు బాబూ. ఇంతకంటే లోకల్ ఎవరు దొరుకుతారు? మీ ఆవిడకి ఫోనివ్వండి," అంది. ఫోన్ ఆయన భార్య అందుకుంది. ఆ వారం నుంచి నా పాఠం అయ్యాక ఆ అమ్మాయి పాఠమే ఉండేది.

"ఆంటీ, ఏ లక్ష్మి డ్రైవింగ్ స్కూలో అని పెట్టుకుంటే ఈ తిప్పలు ఉండవు గదా," అన్నాను ఒకరోజు.

"నేను చర్చికి పోయేదాన్నమ్మా, లక్ష్మి అని పెడితే మా పాస్టరు గారు మూర్ఛపోతారు," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "తిప్పలు ఉండనీ. నాకేం?" అంది.

ఆవిడ దగ్గర పాఠం అంటే మిగతా చోట్లలా ఉండేది కాదు. కారులో "సారీ" అనే మాట నిషేధం. మనం ఏం తప్పు చేసినా అనకూడదు. అంటే ఆవిడ ఉంగరం వేలితో డ్యాష్‌బోర్డు మీద టక్కున కొట్టేది. "ఎవరికమ్మా సారీ? ఆ కారుకా? దాని చెవులు ఎక్కడున్నాయి?" అనేది. తప్పు ఏంటో చెప్పు, మళ్ళీ చెయ్యకు, అంతే. పాఠానికి ముందు ఇంత సోంపు తీసి మన చేతిలో పోసేది. నోరు ఆడుతుంటే కాళ్ళు వణకవట. ఏ శాస్త్రమో నాకు తెలియదు గానీ, నా విషయంలో పనిచేసింది.

ఒకసారి గంగాలిన్ పెద్ద రౌండబౌట్ దగ్గర నా కారు ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాను, మళ్ళీ ఆగిపోయింది. వెనక ఒక యూట్ వాడు, అదే వెనక తొట్టి ఉండే బండివాడు, హారన్ మీద చెయ్యి తీయడం లేదు. కిటికీ దించి ఏదో అరిచాడు. అందులో ఇంటికి పొమ్మనే మాట స్పష్టంగా వినబడింది.

"నాతోని కాదు ఆంటీ. మీరు తీసుకోండి," అన్నాను.

"హజార్డ్ లైట్లు వెయ్," అంది ఆవిడ. వేశాను. "ఇంజన్ ఆపు." ఆపాను. సీసా మూత తీసి నాకు ఇచ్చింది. "మంచినీళ్ళు తాగు. నెమ్మదిగా."

వెనకవాడు అరుస్తూనే ఉన్నాడు. నేను నీళ్ళు తాగుతుంటే ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "వాడికి తొందరగా ఉంది. మనకి లేదు. వాడికి తొందరని మనం ఎందుకు కంగారుపడాలి?" అంది. చివరికి యూట్ వాడే పక్క వరసలోకి తిప్పుకుని వెళ్ళిపోయాడు. "ఇప్పుడు స్టార్ట్ చెయ్. రోడ్డు మీద వాడెంతో నువ్వూ అంతే." ఈసారి కారు ఆగలేదు.

ఆ పేరు మీద ఆవిడకి రెండు వైపులా యుద్ధం. తెల్లవాళ్ళు "ఓహ్, సిగ్రిడ్! మరి అసలు పేరు?" అని అడిగేవాళ్ళు. మనవాళ్ళూ అదే అడిగేవాళ్ళు. కాకపోతే ఇంకొంచెం చనువుగా, "ఇంట్లో పిలిచే పేరేంటండీ?" అని. ఎవరడిగినా ఆవిడ జవాబు ఒకటే: "అదే అసలు పేరు. అదే ఇంట్లో పేరు. ఇంకోటి లేదు." అర్థమేంటని అడిగితే మాత్రం సంబరంగా చెప్పేది. ఉత్తర దేశాల పాత భాషలో మొదటి ముక్కకి గెలుపు అని, రెండో ముక్కకి అందం అని అర్థమట. రాణులకి పెట్టుకున్న పేరట. "అయితే విజయసుందరి అన్నట్టు," అన్నాను నేను. "తెలుగులోకి తేకమ్మా. పాత సినిమాలో పెద్ద కోడలిలా ఉంది," అని కొట్టిపారేసింది.

అసలు ఆ పేరు పుట్టిన దేశం వాళ్ళు చివరి డకారాన్ని మింగేసి "సీగ్రి" అంటారని ఆవిడకి తెలుసు. "నేను మింగను. రాసిన అక్షరాన్ని పలకడానికి నాకేం బద్ధకమా?" అనేది. నరసాపురంలో వాళ్ళమ్మ గారికి ఫోన్‌లో ఆ పేరు మొదటిసారి చెప్పినప్పుడు, "సిగా? సిగలో పువ్వంటి పిల్లన్నమాట," అని ఆ పెద్దావిడ తనకి తోచిన అర్థం చెప్పుకుని సంతోషించిందట. చనిపోయే దాకా మనవరాలిని సిగమ్మా అనే పిలిచింది. ఆ ఒక్క పిలుపుకి మాత్రం మినహాయింపు.

చర్చిలో పెద్దమనిషి ఒకాయన, పిల్ల పుట్టిన కొత్తలో, "రూతు, ఎస్తేరు లాంటి పేర్లు లేవా అమ్మా? ఇది బైబిల్లో లేని పేరు," అన్నాడట. "నాకు కారు నేర్పినావిడ బైబిల్లో లేదండీ, పక్కింట్లో ఉండేది," అని ఈవిడ జవాబు. ఆ మాట నేను చాలాసార్లు విన్నాను. పక్కింటి ముసలావిడ కారు నేర్పింది, ఆవిడ పేరు పెట్టింది. మా అందరికీ తెలిసింది అంతవరకే. సిగ్రిడ్‌కి కూడా అంతే తెలుసునని నాకు తర్వాత తెలిసింది.

మా పేట చెరువు ఒడ్డున తెలుగువాళ్ళ బార్బీ, అంటే ఆరుబయట నిప్పుల మీద కాల్చుకుతినే విందు, ఒకటి జరిగింది. నాకు అప్పటికి లైసెన్స్ రాలేదు. ఆంటీ మొక్కజొన్న కంకులు కాలుస్తోంది. సిగ్రిడ్ ప్లేటు పట్టుకుని పక్కనే నిలబడింది. అప్పుడే యూనివర్సిటీలో చేరిన పిల్ల. సన్నగా, పొడుగ్గా, తల్లి కళ్ళతో ఉండేది. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే. చిన్నపిల్లలు ఆ పిల్లని "సిగరెట్ అక్కా" అని పిలుస్తున్నారు. వాళ్ళకి అది వేళాకోళం అని కూడా తెలియదు. వాళ్ళ అన్నలు, అక్కల నుంచి నేర్చుకున్నారు.

ఒకావిడ, మా సంఘంలో పెద్దదిక్కు లాంటిది, నవ్వుతూనే అంది: "పిల్లల తప్పేముంది వదినా. మన పిల్లకి ఆ పేరేంటి చెప్పు? నలుగురిలో పిలవాలంటే సిగ్గేస్తోంది."

"సిగ్గెందుకండీ? నోరు తిరక్కపోతే చెప్పండి, నేర్పిస్తాను," అంది ఆంటీ.

ఆవిడ పక్కకి తిరిగి, వినబడేంత మెల్లగా అంది: "మొగుణ్ణి వదిలేసి వచ్చినప్పుడే లేని సిగ్గు పేరు దగ్గర ఎక్కణ్ణించి వస్తుందిలే."

ఆంటీ పట్టకారు కింద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. చుట్టూ ఉన్న అందరికీ వినబడేలా, "ఆయ్, లేదండీ. నాకు సిగ్గు లేదు. ఉన్నదంతా వెర్రిబీలో, ఆయనింట్లో వదిలేసి వచ్చాను. నా కూతురికీ ఇవ్వలేదు. పిల్లకి ఇవ్వడానికి ఇంకేమీ దొరకలేదా ఏంటి?" అంది. మళ్ళీ పట్టకారు తీసుకుని కంకి తిప్పింది. "మీకు నిమ్మకాయ రాయమంటారా, వద్దా?"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ సిగ్రిడ్ వైపు చూస్తే ఆ పిల్ల మొహం కందిపోయి ఉంది. ప్లేటు బల్ల మీద పెట్టేసి చెరువు గట్టు వెంట ఒక్కతే నడుచుకుంటూ పోయింది. తల్లి గెలిచిన ప్రతి పోట్లాటలోనూ ఆ పిల్ల మధ్యలో నిలబడాల్సి వచ్చేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత కొద్ది రోజులకి, పాఠం మధ్యలో సిగ్రిడ్‌ని యూనివర్సిటీ దగ్గర ఎక్కించుకున్నాం. నేను నడుపుతున్నాను, ఆంటీ ఎడమ సీట్లో, ఆ పిల్ల వెనక. కాసేపటి తర్వాత వెనక నుంచి వినబడింది.

"అమ్మా, ఐ యామ్ చేంజింగ్ మై నేమ్."

"మిర్రర్ చూడు," అంది ఆంటీ నాతో. చూశాను.

"అమ్మా, విన్నావా? ఐ మీన్ ఇట్."

"విన్నాను. లెఫ్ట్ ఇండికేటర్ వెయ్యమ్మా. ఇప్పుడే కాదు, ఆ చెట్టు దాటాక."

సిగ్రిడ్ ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. క్లాసులో ఆ పేరు పిలిచినప్పుడు లెక్చరర్ తన తల మీదుగా వెనక్కి చూస్తాడని. ఇండియన్ పిల్లలు నువ్వు నిజంగా ఇండియనేనా అంటారని. తెల్లపిల్లలు నీ అసలు పేరేంటి అంటారని. పార్ట్‌టైమ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళితే గదిలోకి రాగానే ఒక్క క్షణం అందరూ ఆగిపోతారని. చివరికి అదే ఇంగ్లీషులో అంది: "నా పేరు చెప్పిన ప్రతిసారీ నీ కథ మొత్తం చెప్పాల్సి వస్తోంది అమ్మా. అది కూడా నాకు సరిగ్గా తెలియని కథ. ఐ యామ్ టయర్డ్."

"కారు పక్కకి తీసి ఆపమ్మా," అంది ఆంటీ.

ఒక పార్కు పక్కన ఆపాను. "నేను అట్ల నడిచొస్తా ఆంటీ," అని తలుపు తీయబోయాను. "కూర్చో. నువ్వు వింటే పోయేదేం లేదు," అని ఆవిడ సీటు బెల్టు తీసి వెనక్కి తిరిగి కూర్చుంది. అంత సేపూ గట్టిగా ఉన్న మనిషి, మొదటిసారి మాటల కోసం వెతుక్కోవడం చూశాను.

ఆవిడ చెప్పింది ఇది.

పెళ్ళయి వెర్రిబీకి వచ్చింది. "పేరులోనే వెర్రి ఉంది, నాకు అప్పుడే తెలియాలి," అని నవ్వబోయి మానేసింది. భర్త కారు తాళాలు నిద్రపోయేటప్పుడు కూడా జేబులోనే ఉంచుకునేవాడు. ఫోన్ తన దగ్గరే. నరసాపురంలో బడిలో పాఠాలు చెప్పిన మనిషి, పాల ప్యాకెట్ కోసం కూడా అతన్ని అడగాల్సి వచ్చేది. చెయ్యి చేసుకోవడం కూడా ఉండేది. పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ ఎప్పుడో నార్వే నుంచి ఓడలో వచ్చిందట. పేరు సిగ్రిడ్. బట్టలు ఆరేసేటప్పుడు కంచె మీదుగా చూసేది. ఏమీ అడగలేదు. ఒకరోజు, భర్త డ్యూటీకి వెళ్ళాక, తన పాత తెల్ల కారు గేటు ముందుకి తెచ్చి హారన్ కొట్టింది. రమ్మని చేత్తో సైగ చేసింది.

"మొదట్లో ఆవిడ ఇంగ్లీషు నాకు అర్థం కాదు, నా ఇంగ్లీషు ఆవిడకి అర్థం కాదు. వెర్రిబీ అవతల క్యాబేజీ తోటలుంటాయి. వాటి మధ్య రోడ్ల మీద నేర్పించింది. ఎదురుగా లారీ వస్తే నేను స్టీరింగ్ వదిలేసేదాన్ని. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మళ్ళీ స్టీరింగ్ మీద పెట్టేది. లారీని చూపించి, నన్ను చూపించి, 'నువ్వూ పెద్దదానివే' అనేది. అప్పటికి నువ్వు నా కడుపులో ఉన్నావు. నిజంగానే పెద్దగా ఉన్నాను."

వెనక సీట్లో సిగ్రిడ్ బెల్టు తీసి ముందుకి జరిగింది.

"టెస్టుకి వెళ్తే నా పొట్ట స్టీరింగ్‌కి తగులుతోంది. ఆ పరీక్ష పెట్టేవాడు నాకంటే ఎక్కువ భయపడ్డాడు. పాసయ్యాను. మీ నాన్నకి చెప్పలేదు. ఒకరోజు పొద్దున ఆయన వెళ్ళగానే రెండు చీరలు, సర్టిఫికెట్లు తీసుకుని కంచె దాటాను. ఇక్కడ మా చర్చి స్నేహితురాలు ఒకావిడ ఉండేది, నర్సు. ఆవిడ దగ్గరికి వచ్చేద్దామని. ముసలావిడ తాళాలు నా చేతికిచ్చి, తను ఎడమ సీట్లో కూర్చుంది. రోజంతా నడిపాను. హైవే మీద అంత పెద్ద లారీలు నేను అంతకు ముందు చూడలేదు. ఆవిడ ఒక్కసారి కూడా తాళాలు అడగలేదు. సగం దారిలో, ఆల్బరీ దగ్గర బంకులో కారు ఆపి ఏడ్చాను. ఏడుస్తుంటే అరటిపండు ఒలిచి పెట్టింది. అక్కడే అడిగాను, మీ పేరుకి అర్థమేంటని. గెలుపు అంది. అందం అంది. 'రెండోది నా దగ్గర ఎప్పుడో పోయింది. మొదటిది ఇంకా ఉంది, నువ్వు తీసుకో,' అంది. నన్ను ఇక్కడికి చేర్చి, కారు నాకే వదిలేసి, బస్సెక్కి వెళ్ళిపోయింది."

"మీ నాన్న వాళ్ళు ఫోన్ చేసి వాళ్ళమ్మ పేరు పెట్టమన్నారు. పెట్టకపోతే పిల్ల మాది కాదన్నారు. అంతకంటే మంచి కబురు ఏముంటుంది? ఆవిడ పేరు పెట్టేశాను," అంది.

నా కళ్ళు మసకబారాయి. ఇంక ఆ పిల్ల పేరు మార్చుకునే మాట ఎత్తదు అనుకున్నాను. సిగ్రిడ్ ఇంగ్లీషులో, చాలా మెత్తగా అంది:

"అమ్మా, అది నువ్వు గెలిచింది. నేను కాదు. నేను ఇంకా ఏదీ గెలవలేదు. నీ మెడల్ నా మెడలో వేసి తిప్పుతున్నావు."

ఆంటీ మొహంలోకి చూడలేకపోయాను. ఆవిడ ముందుకి తిరిగి కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. పార్కులో ఎవరో కుక్కకి బంతి విసురుతున్నారు. ఆవిడ అదే చూస్తూ కూర్చుంది.

"నిజమే," అంది చివరికి. "నిజమేనే. నాకు తోచలేదు." తర్వాత, అద్దంలో కూతురి కళ్ళలోకి చూస్తూ, "మార్చుకో. నీకు నచ్చలేదని మార్చుకో. నోరు తిరగడం లేదని మార్చుకో. వాళ్ళెవరో నవ్వారని మాత్రం మార్చుకోకు. నవ్వినవాళ్ళ మాట వినడానికి నేను అంత దూరం కారు నడపలేదు," అంది.

ఆ పిల్ల మార్చుకుంది. కొత్త పేరు సిరి. చక్కటి తెలుగు పేరు, చిన్నది, ఎవరికైనా నోరు తిరుగుతుంది. కాకపోతే ఫోన్లో మాట్లాడే ఆవిడ పేరని కొత్త వేళాకోళం మొదలైంది. అది వేరే సంగతి.

ఆంటీ ఎలా తీసుకుంటుందోనని నేను భయపడ్డాను. ఆవిడ ఆ రోజు నుంచి సిరి అనే పిలిచింది. అలవాటు మీద పాత పేరు ఒక్కసారి కూడా నోట రాలేదు. పైగా ఎవరైనా "మీ సిగ్రిడ్ ఎలా ఉంది?" అంటే, ఇదివరకు "సిగరెట్" అన్నవాళ్ళ మీద ఎలా విరుచుకుపడేదో అలాగే విరుచుకుపడేది. "సిరి. నా కూతురి పేరు సిరి. పిల్ల పెట్టుకుంది, పిలవండి." బార్బీలో సిగ్గు మాట ఎత్తినావిడ "అమ్మయ్య, ఇప్పటికి దారిలో పడ్డారు," అంటే, "ఏ దారండీ? మీరు వేసిన దారా?" అని అక్కడే నిలబెట్టింది. స్కూలు పేరు మాత్రం మార్చలేదు. కారు మీద పాత అక్షరాలు వెలిసిపోతే మళ్ళీ రాయించింది.

నేను టెస్టు పాసయిన రోజు, పక్క సీట్లో కూర్చుని సోంపు నములుతూ, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమైంది ఆంటీ?"

"ఎవరికీ చెప్పకు. ఆ ముసలావిడ దేశంలో సిగ్రిడ్ అనే పిల్లల్ని ఇంట్లో ముద్దుగా ఏమని పిలుస్తారో తెలుసా? సిరి. ముసలావిడని వాళ్ళమ్మ అలాగే పిలిచేదట. చిన్నప్పటి సంగతులు చెబుతూ ఆవిడే చెప్పింది."

"మరి సిరికి చెప్పలేదా?"

"ఎందుకు చెప్తాను? చెప్తే నేను గెలిచినట్టవుతుంది. తెలుగు పేరని పెట్టుకుంది, తెలుగు పేరే. దాని పేరు దాన్ని పెట్టుకోనీ." అని మళ్ళీ నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

చివరి ఏడాది ఆవిడకి జబ్బు చేసింది. చేతుల్లో పట్టు పోయింది. నేర్పడం మానేసింది. స్టీరింగ్ పట్టుకోలేని మనిషిని ఎలా చూడాలో తెలియక నేను వెళ్ళడానికి జంకేదాన్ని. వెళితే మాత్రం ఆవిడ మాటలో ఏ మార్పూ ఉండేది కాదు. ఒక ఆదివారం సిరి మా ఇద్దరినీ ఎక్కించుకుని ఊరి బయట కొండ వైపు తీసుకెళ్ళింది. అప్పటికి ఆ పిల్ల చదువై, ఉద్యోగంలో చేరింది. తల్లి ఎడమ సీట్లో, నేను వెనక.

"సిరీ, దూరం ఉంచు. ముందు కారుకి అంత దగ్గరెందుకు?"

"అమ్మా, ఇట్స్ ఫైన్."

కాస్త దూరం పోయాక సిరి, కళ్ళు రోడ్డు మీదే ఉంచి, మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు ఇంగ్లీషులో అంది: "అమ్మా, నీకు తెలుసా? సిరి అంటే సిగ్రిడ్‌కి షార్ట్ ఫామ్. మా ఆఫీసులో ఒకమ్మాయి చెప్పింది, స్వీడన్ నుంచి వచ్చింది. ఇన్నేళ్ళూ నేను సిగ్రిడ్‌నే."

నేను వెంటనే ఆంటీ వైపు చూశాను.

ఆంటీ నెమ్మదిగా తల తిప్పి కూతురి వైపు చూసింది. "అలాగా?" అంది. ఎంతో ఆశ్చర్యపోయినట్టు. "నాకు తెలియనే తెలియదే!" వెంటనే మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. వెనక సీట్లోంచి నాకు ఆవిడ చెంప, చెవి దగ్గర చెదిరిన నెరసిన వెంట్రుకలు మాత్రమే కనబడ్డాయి. భుజాలు కదులుతున్నాయి. సిరి అద్దంలోంచి నా వైపు చూసింది. నేను బయట గొర్రెల్ని చూస్తున్నట్టు నటించాను.

శీతాకాలంలో ఆవిడ పోయింది. చర్చి చిన్నది, పొద్దుటి చలికి లోపల కూడా నోట్లోంచి ఆవిరి వస్తోంది. నేను కొంచెం ఆలస్యంగా వెళ్ళాను. కారు పెట్టడానికి చోటు లేదు. వీధి చివరి దాకా కార్లే. వాటిల్లోంచి ఆడవాళ్ళు తాళాలు చేతిలో పట్టుకుని దిగుతున్నారు. భర్తలు ఎడమ తలుపుల్లోంచి దిగుతున్నారు. చర్చికి ఎప్పుడూ రాని వాళ్ళే ఎక్కువ. బొట్లు పెట్టుకున్నవాళ్ళు, తలకి స్కార్ఫులు కట్టుకున్నవాళ్ళు, ఏం చెయ్యాలో తెలియక పక్కవాళ్ళని చూసి లేచి నిలబడుతున్నవాళ్ళు.

పాస్టరు గారు కొత్తవాడు, మంచివాడు. ఆవిడ గురించి ఎవరో చెప్పినవి రాసుకొచ్చి చెప్పాడు. భర్తకి దూరమై, పరాయి దేశంలో ఒంటరిగా ఎన్నో కష్టాలు పడిందని, అన్నిటినీ మౌనంగా భరించిందని. "ఆమె ఓర్పుగల స్త్రీ. ఆమె ఓర్పు మనందరికీ ఆదర్శం," అన్నాడు. ముందు వరసల్లో పెద్దవాళ్ళు తలలు ఊపారు.

తర్వాత కూతురిని పిలిచారు. సిరి నల్ల కోటు వేసుకుంది. కాగితం ఏమీ లేదు. ఇంగ్లీషులో మాట్లాడుతుందని అందరం అనుకున్నాం. ఆ పిల్ల నోట పూర్తి తెలుగు వాక్యం మేము ఎవరమూ వినలేదు. మైకు సరిచేసుకుని, ఒక్కో మాటా తడుముకుంటూ, గోదావరి జిల్లా యాసలో, తెలుగులో మొదలుపెట్టింది.

"పాస్టరు గారూ, ఏం అనుకోవద్దండీ. మా అమ్మకి ఓర్పు లేదు." ఆగింది. ఊపిరి తీసుకుంది. "అస్సలు లేదండీ. ఉండుంటే నేను వెర్రిబీలో పుట్టేదాన్ని."

వెనక వరసలో ఎవరో ఫక్కుమని నవ్వారు. పక్కావిడ ఆపుకోలేకపోయింది. ఆ పక్క ఇంకొకరు. తాళాలు చేతుల్లో పట్టుకుని, కళ్ళ నీళ్ళతో, ఆడవాళ్ళందరం నవ్వేశాం. పాస్టరు గారు ముందు కంగారుపడి, తర్వాత ఆయన కూడా తల వంచుకుని నవ్వాడు. సిరి మైకు వదల్లేదు. మేము నవ్వడం అయ్యేదాకా ఆగి, మిగతాది కూడా తెలుగులోనే చెప్పింది.